దసలి పట్టుపురుగుకు అమెరికా బంధువు

మహాదేవపూర్, చెన్నూరు ప్రాంతాల్లో మద్దిచెట్లపై పెంచే దసలి పట్టుపురుగును ఎరిగిన పాఠకులు కొందరైనా ఉంటారు. దాని దగ్గరి బంధువు ఒకటి కెనడా నుండి మెక్సికో వరకు ఓక్, మేపుల్, బర్చ్ చెట్ల మీద జీవిస్తోంది. పేరు పాలిఫెమస్ చిమ్మట. రెండూ ఆంథీరియా అనే ఒకే ప్రజాతికి చెందినవి.

రెక్కలు విప్పితే ఈ చిమ్మట 15 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. వెనుక రెక్కలపై పెద్ద కళ్లను పోలిన మచ్చలుంటాయి. గ్రీకు గాథల్లోని ఒంటికన్ను రాక్షసుడి పేరు దీనికి అందుకే వచ్చింది. రెక్కలు వచ్చిన చిమ్మటకు ఆహారం తినగల నోరుండదు. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు తిన్న ఆకులే చివరిదాకా దాని బలం. ఉత్తర ప్రాంతాల్లో పట్టుగూటిలోనే చలికాలం గడిపి, ఒక ద్రవంతో పట్టును మెత్తబరచుకొని వెలుపలికి వస్తుంది. జోడును వెదుక్కొని, గుడ్లు పెట్టి, కొద్ది రోజుల్లోనే మరణిస్తుంది.

ఈ పురుగుతో అమెరికాలో పట్టు పరిశ్రమ నెలకొల్పాలని తలచినవాడు ఎటియెన్ లియోపోల్డ్ ట్రూవెలో. ఫ్రాన్సు నుండి వచ్చి బోస్టన్ సమీపాన మెడ్‌ఫర్డ్‌లో స్థిరపడ్డాడు. 1860 ప్రాంతంలో మొదలుపెట్టి, చెట్లపై వలలు కప్పి, లక్షల పురుగులను పెంచాడు. అంతటితో తృప్తిపడి ఉంటే ఎంత బాగుండేది! 1860వ దశకం చివర్లో ఐరోపా నుండి స్పాంజీ చిమ్మట గుడ్లను తెప్పించాడు. వాటిలో కొన్ని తప్పించుకున్నాయి. ఆయన మాత్రం ఖగోళశాస్త్రం వైపు మళ్లి, గ్రహాల అందమైన చిత్రాలు గీసి పేరు గడించి, 1882లో స్వదేశానికి వెళ్లిపోయాడు. 1889 నాటికి మెడ్‌ఫర్డ్ చెట్లు నడివేసవిలో మోడులయ్యాయి. పురుగులు గోడలెక్కి ఇళ్లలోకి ప్రవేశించాయి.

వాటిని అణచడానికి 1906 నుండి ఐరోపాకు చెందిన ఒక ఈగను అక్కడ విడిచిపెట్టారు. దాని పిల్లలు గొంగళిపురుగు శరీరంలో చేరి లోపలినుండే తినివేస్తాయి. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, స్పాంజీ చిమ్మటకు ఏడాదికి ఒకే తరం. ఈగకు అనేక తరాలు. మిగిలిన నెలల్లో దానికి వేరే ఆహారం కావాలి కదా! అందుకు దొరికినవి స్థానిక జాతుల గొంగళిపురుగులు. పాలిఫెమస్ వంటి పెద్ద పట్టు చిమ్మటలు కూడా దాని బారిన పడ్డాయి. మసాచుసెట్స్‌లో ఇదే కుటుంబానికి చెందిన సెక్రోపియా పురుగులను పరిశోధకులు చెట్లపై ఉంచి చూశారు. వాటి మరణాలకు ప్రధాన కారణం ఈ ఈగేనని 2000లో వెల్లడించారు.

స్పాంజీ చిమ్మట నేటికీ అక్కడి ఓక్ ఆకులను తింటూనే ఉంది.