ఐదు కలిస్తే పంచ్... ఏమీ కలపకపోతేనే కల్లు!

తెల్లారగట్ల జగిత్యాల నుంచి కోరుట్ల వైపు బస్సులో వెళ్తుంటే రోడ్డు పక్కన తరచూ ఒక మనిషి కనిపిస్తాడు. నడుముకు ముస్తాదు, భుజాన మోకు, బండికి రెండు పక్కలా లొట్లు. వనంలోకి వెళ్తున్న గౌడన్న. కాస్త పొద్దెక్కాక అదే మనిషి మండువ దగ్గర కూచుంటే, వచ్చిన ప్రతివాడూ అడిగే ప్రశ్న ఒక్కటే.

‘‘చెట్టుదేనా గౌడన్నా? ఏమన్న కలిపినవా?’’

ఈ ప్రశ్న పాలవాడికి కూడా తప్పదనుకోండి. కానీ పాలల్లో కలిపేది మహా అయితే నీళ్లు. కల్లులో కలిపేది అంతకంటే చాలా ప్రమాదకరమైనది. అందుకే అడిగేవాడి గొంతులో సరదా కంటే అనుమానమే ఎక్కువ.

తమాషా ఏమిటంటే, పెద్ద పెద్ద నగరాల బార్లలో ఇదే ప్రశ్న అడిగితే అక్కడివాళ్లు గర్వంగా జవాబు చెబుతారు. ఏమేం కలిపారో, ఎంతెంత కలిపారో, ముందు ఏది వెనక ఏది... అన్నీ విప్పి చెబుతారు. కాక్‌టెయిల్ అంటేనే కలపడం. ఆ కలిపే విద్య ఎక్కడ మొదలైందా అని వెతుక్కుంటూ పోతే దారి న్యూయార్క్ నుంచి లండన్‌కు, లండన్ నుంచి తిన్నగా మన తెలుగు తీరానికి వస్తుంది!

ఇంగ్లిష్ కాగితాల్లో ‘పంచ్’ అనే పానీయం పేరు తొలిసారిగా కనిపించేది 1632 నాటి ఒక ఉత్తరంలో. రాసినవాడు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి రాబర్ట్ ఆడమ్స్. అందుకున్నవాడు థామస్ కాలీ. ఈ కాలీగారి కొలువు పెటపోలిలో. అంటే ఇప్పటి బాపట్ల జిల్లా నిజాంపట్నం. 1611లో ‘గ్లోబ్’ అనే కంపెనీ ఓడ ఈ తీరానికి వచ్చాక అక్కడా, మచిలీపట్నంలోనూ తెల్లవాళ్లు వ్యాపారం మొదలుపెట్టారు. స్నేహితుడికి రాసే కుశల సమాచారంలో పంచ్ ప్రస్తావన వచ్చిందంటే, అప్పటికే అది వాళ్లకు బాగా అలవాటైన వ్యవహారమన్నమాట.

ఎందుకు అలవాటైంది? ఇంగ్లండ్‌లో ఓడెక్కించిన బీరు, ద్రాక్షసారా నెలల తరబడి ప్రయాణంలో ఎండకు పాడయ్యేవి. ఇక్కడ దిగాక దొరికేది సారా. అది నేరుగా గొంతు దిగదు. ఘాటు తగ్గడానికి నీళ్లు, మంట తగ్గడానికి చక్కెర, తీపి విరగడానికి నిమ్మరసం, వాసనకు జాజికాయ లాంటి మసాలా. మొత్తం ఐదు. 1670లలో మన దేశం తిరిగిన జాన్ ఫ్రయర్ అనే ఇంగ్లిష్ వైద్యుడు, ఈ ఐదింటి వల్లనే దానికి ‘పంచ్’ అని పేరు వచ్చిందని రాశాడు. పంచామృతంలో పంచ ఎక్కడిదో ఈ పంచ్ కూడా అక్కడిదే. లెక్క మాత్రం ఎప్పుడూ ఐదే ఉండేది కాదు. 1638లో సూరత్ వచ్చిన జర్మన్ యాత్రికుడు మాండెల్స్‌లో చూసిన దాంట్లో సారాతో పాటు పన్నీరు, నిమ్మరసం, చక్కెర మాత్రమే ఉన్నాయి.

ఆ తర్వాత పంచ్ ఓడలెక్కి లండన్ చేరింది. పెద్ద గిన్నెలో కలిపి నలుగురూ పంచుకు తాగే మర్యాదగా మారింది. అక్కడి నుంచి అమెరికాకు పోయి గిన్నెలోంచి చిన్న గ్లాసులోకి దిగింది. 1806లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ అనే ఊళ్లో ఒక పాఠకుడు ‘ఇంతకీ కాక్‌టెయిల్ అంటే ఏమిటండీ?’ అని స్థానిక పత్రికకు రాశాడు. మే 13 సంచికలో సంపాదకుడు జవాబిచ్చాడు: ఏదో ఒక మద్యం, చక్కెర, నీళ్లు, చేదు మూలికల సారం. పత్రికలకు ఇలాంటి ఉత్తరాలు రావడం కొత్తేమీ కాదని దీనివల్ల తెలుస్తుంది. 1862లో జెర్రీ థామస్ అనే బార్‌టెండర్ ఈ విద్య మీద పుస్తకమే వేశాడు. అందులో కాక్‌టెయిళ్ల కంటే ముందు వరుసలో కూచున్నవి పంచ్‌లే. సారాతో చేసే రకం కూడా ఉంది. కొలతలు అచ్చులో పడ్డాయి కనుక గ్లాసులో ఏముందో తాగేవాడికీ తెలిసింది. కాక్‌టెయిల్ చరిత్రలో అసలు ముఖ్యమైన సంగతి ఇదే కావచ్చు.

అన్నట్టు, ఆ ఐదింట్లో పెద్దన్న అయిన సారా కథ మన దగ్గర ఎలా ముగిసిందో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు కొంగు బిగించారు. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. తెల్లవాళ్ల రాతల్లో పంచ్ తొలిసారి కనిపించిన తీరం, సారాను తరిమిన ఊరు... రెండూ కోస్తావే కావడం విచిత్రం.

ఇక అసలు మూలానికి వద్దాం. ఆనాటి సారాలో చాలా రకాలు తాటి, ఈత, కొబ్బరి కల్లును కాచి దించినవే. కల్లు లేకపోతే ఆ సారా లేదు, సారా లేకపోతే పంచ్ లేదు. కల్లు కావాలంటే చెట్టెక్కే మనిషి కావాలి. బార్‌టెండర్ల పేర్లు పుస్తకాలకెక్కాయి. చెట్టెక్కినవాడి పేరు ఏ పుస్తకమూ రాసుకోలేదు.

జగిత్యాల, కోరుట్ల పల్లెల్లోనూ, ఇటు మానేరు ఒడ్డున సిరిసిల్ల వైపూ ఈ విద్య తాతల నాటిది. చెప్పుకోవడానికి రెండే పనులు: ఎక్కడం, గీయడం. చేయడానికి మాత్రం సగం జీవితం పడుతుంది. మోకు నడుమునూ చెట్టునూ కలిపి పట్టుకుంటుంది. కాళ్లకు గుజి. ముస్తాదులో కత్తులు. తాటిచెట్టు గెల వేయడానికే పన్నెండేళ్లో పదిహేనేళ్లో పడుతుంది. పూత వచ్చేదాకా అది ఆడదో మగదో కూడా తెలియదు. తాత పెట్టిన చెట్టును మనవడు గీయాలన్నమాట.

తాటిచెట్టుకు గెలను గీస్తారు. చివరను రోజూ రెండు మూడుసార్లు సన్నని పొరగా చెక్కాలి. పొర మందమైతే గెల పాడవుతుంది. చెక్కడం మానేస్తే గాయం మానిపోయి ధార ఆగిపోతుంది. ఆ మధ్యలో ఎక్కడో ఉన్న మందాన్ని కత్తికి చేతివేళ్లే చెప్పాలి. ఈతచెట్టు దారి వేరు. దానికి గెలతో పని లేదు. తల కింద ఒకవైపు మట్టలు కొట్టి, మెత్తని కాండాన్నే గీస్తారు. మరుసటి ఏడు రెండోవైపు. అందుకే గీసిన ఈతచెట్టు ఒళ్లంతా మెట్లుమెట్లుగా ఉంటుంది. ఆ మెట్లు లెక్కపెడితే ఎన్నేళ్లు గీశారో చెప్పేయవచ్చు.

లొట్టిలో పడేటప్పుడు అది కల్లు కాదు, తియ్యని నీరా. లోపల సున్నం పూస్తే తెల్లారేదాకా తీపిగానే ఉంటుంది. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023లో ‘నీరా కేఫ్’ తెరిచింది ఈ తీపిని నమ్ముకునే. సున్నం లేకపోతే మాత్రం గాలిలోని, లొట్టిలోని సూక్ష్మజీవులు వెంటనే పనిలోకి దిగుతాయి. చక్కెర తిని మత్తును, నురుగును వదులుతాయి. పొద్దున తీపి, మధ్యాహ్నం పులుపు తీపి, సాయంత్రానికి పులుపు, మర్నాటికి దాదాపు వెనిగర్. మత్తు శాతం నాలుగైదు మించదు. అంటే ఈ పానీయం గంటగంటకూ తనంతట తనే మారుతుంది. కలిపే మనిషితో దానికి పని లేదు. గౌడన్న పనల్లా దాన్ని అలాగే దించి, పులిసిపోకముందే అమ్ముకోవడం. మండువలో తాటాకు రేకలో పోసి, పక్కన గుడాలు పెడితే అయిపోయింది. కాటమయ్యకు మొక్కినా, బోనాల్లో శాక పోసినా ఈ కల్లే.

మరి అనుమానం ఎక్కడ వచ్చింది? లెక్కలో వచ్చింది. చెట్టు రోజుకు ఇచ్చేది లీటర్లలో వేళ్ల మీద లెక్కపెట్టేంతే. తాగేవాళ్లు పెరిగారు, చెట్లు తగ్గాయి, ఎక్కేవాళ్లు ఇంకా తగ్గారు. ఈ మూడు ఊళ్ల నుంచి కుర్రాళ్లు దుబాయ్, మస్కట్ బాట పట్టి దశాబ్దాలైంది. చెట్టు ఇవ్వని కల్లును కొన్నిచోట్ల నీళ్లు, తీపి కోసం శాకరిన్, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజపామ్, అల్ప్రాజోలం ఇచ్చాయి. జనం నోట దానికి ‘మందు కల్లు’ అని పేరు.

క్లోరల్ హైడ్రేట్‌కు బార్ల చరిత్రలో కూడా ఒక చీకటి పేజీ ఉంది. షికాగోలో మిక్కీ ఫిన్ అనేవాడు తన సెలూన్‌లో గిరాకీల గ్లాసుల్లో మత్తుమందు వేసి జేబులు ఖాళీ చేసేవాడన్న ఆరోపణ మీద 1903లో దాన్ని మూయించారు. వాడు వాడింది ఈ మందేనని చాలామంది నమ్మకం. తాగేవాడికి తెలియకుండా గ్లాసులో మందు కలపడాన్ని ఇంగ్లిష్‌లో ఇప్పటికీ వాడి పేరుతోనే పిలుస్తారు. అక్కడ అది ఒక దొంగ పేరుగా మిగిలింది. ఇక్కడ వ్యాపారమైంది.

దీని దెబ్బ ఎలా ఉంటుందో 2015 సెప్టెంబరులో బయటపడింది. నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ మీద దాడులు ముమ్మరమై ఆ కల్లు దొరక్కుండా పోయింది. అలవాటు పడ్డవాళ్లు వణుకుతూ, పిచ్చిగా మాట్లాడుతూ, ఫిట్స్‌తో ఆస్పత్రులకు వచ్చారు. కొందరు చనిపోయారు. కోరుట్ల నుంచి నిజామాబాద్‌కు నేరుగా రోడ్డుంది. ఇక్కడి ఇళ్లకు అది పరాయి వార్త కాదు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగినవాళ్లలో పలువురు ప్రాణాలు కోల్పోయారు.

ఇంట్లోవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. డైజపామ్, అల్ప్రాజోలం లాంటి మందులకు ఒంటికి అలవాటు పడితే ఒక్కసారిగా మాన్పించకూడదు. గదిలో పెట్టి తాళం వేస్తే మానేస్తాడనుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. చెమటలు, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, లేనివి కనబడుతున్నాయనడం మొదలైతే వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఏం తాగేవాడో దాచకుండా చెప్పాలి. సిగ్గు పడాల్సింది కలిపినవాడు. ఇక నాలుక మీద వేసి చూసి కల్తీ కనిపెట్టేస్తామనేవాళ్ల మాట నమ్మవద్దు, అది ల్యాబ్‌లో తేలాల్సిందే.

నిజంగా చెట్టెక్కేవాడికి ఇందులో రెండు నష్టాలు. ఒకటి, వాడెవడో కలిపితే వీడిని కూడా అదే కంటితో చూస్తారు. రెండోది మోకు జారితే. పడి నడుము విరిగి మంచాన ఉన్న గౌడన్న లేని పల్లె ఈ వైపు వెతికినా దొరకడం కష్టం. 2024 జూలైలో ప్రభుత్వం కాటమయ్య పేరు మీదే భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. జారినా నేల మీద పడకుండా పట్టుకునే తాళ్లవి. యాభై ఏళ్లు మోకునే నమ్ముకున్నవాళ్లు కొత్త తాడును ఎగాదిగా చూస్తారు. కుర్రాళ్లకు నేర్పేటప్పుడు మాత్రం అదే కట్టమంటారు.

సిరిసిల్లలో పొద్దు గూకే వేళ సాంచాల దగ్గర పని దిగి, చెవుల్లో ఆ చప్పుడు ఇంకా మోగుతుండగానే కొందరు ఊరి బయటి వనం దాకా నడుస్తారు. వాళ్లదీ అదే ప్రశ్న. దానికి గౌడన్నలు ఒట్లు పెట్టుకోరు. తల పైకెత్తి చూపిస్తారంతే.

‘‘గా లొట్టి ఇంకా దించలేదు బావా. జరసేపు నిలవడు, నీ ముంగటనే ఎక్కుత.’’

మోకు విసిరి చెట్టు చుట్టూ తిప్పి, ముడి ఒకసారి లాగి చూసుకుంటాడు.