హ్యాంగర్‌లో జరిగే పొరపాటు ఎవరిది?

2025 నవంబరు 26న శంషాబాదులో సఫ్రాన్ కంపెనీవారి విమాన ఇంజిన్ల మరమ్మతు కేంద్రాన్ని ప్రధాని ప్రారంభించారు. పూర్తి స్థాయికి వచ్చాక ఏటా 300 లీప్ ఇంజిన్ల వరకు అక్కడ బాగుచేయగలరని చెబుతున్నారు. నాగపూర్‌లోని మనవారికి మిహాన్ మరమ్మతు కేంద్రం ఏళ్లుగా తెలిసిందే. బెంగళూరులో కొత్త హ్యాంగర్లు రాబోతున్నాయి. 2023లో ఇండిగో ఒక్కసారిగా 500 విమానాలకూ, ఎయిర్ ఇండియా 470 విమానాలకూ ఆర్డరు ఇచ్చాయి. ఇన్ని విమానాలు వస్తే వాటిని చూసుకునే మనుషులు కావాలి కదా. అందుకే బెంగళూరు, హోసూరు, బరంపురం, నాగపూర్ నుంచి మన కుటుంబాలవారు ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీరు కోర్సు గురించి మా సంఘానికి ఫోన్ చేస్తున్నారు. ఫీజు ఎంత, జీతం ఎంత అని అడుగుతారు. ఆ పనిలో పొరపాటు జరిగితే ఏమవుతుంది, దాన్ని ఎవరి నెత్తిన వేస్తారు అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. మా దృష్టిలో ముందు అడగవలసిన ప్రశ్న అదే.

2025 జూన్ 12న అహ్మదాబాదులో విమానం కూలి 260 మంది చనిపోయారు. దాని కారణం గురించి మేము ఇక్కడ ఏమీ చెప్పబోము, అది దర్యాప్తు సంస్థ చెప్పవలసిన మాట. కానీ ఆ తరువాత డీజీసీఏ అధికారులు ఢిల్లీ, ముంబై విమానాశ్రయాల్లో తనిఖీలు చేసి, కంపెనీల పేర్లు చెప్పకుండా కొన్ని లోపాలు బయటపెట్టారు. బాగుచేశామన్న లోపమే మళ్లీ మళ్లీ కనిపించింది. విమానం తనంతట తాను చూపించిన కొన్ని లోపాలు లాగ్‌బుక్కులోకి ఎక్కలేదు. కొన్నిచోట్ల పని ఉత్తర్వులో రాసినట్టు పని జరగలేదు. పనిముట్ల లెక్క సరిగా లేదు. టైర్లు అరిగిపోవడంతో ఒక విమానాన్ని ఆపవలసి వచ్చింది.

ఇది చదివి చాలామంది "మెకానిక్కుల నిర్లక్ష్యం" అనేసి ఊరుకున్నారు. అంత తేలికగా తేలే సంగతి కాదు.

1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మలాగాకు బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం 17,300 అడుగుల ఎత్తులో ఉండగా కెప్టెన్ ముందున్న అద్దం ఊడి ఎగిరిపోయింది. కెప్టెన్ నడుము వరకు బయటికి లాగబడ్డాడు. సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని వేలాడుతుంటే కో-పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. అందరూ బతికారు, కెప్టెన్‌తో సహా. దర్యాప్తులో తేలిందేమిటంటే, ఆ అద్దాన్ని 27 గంటల ముందే మార్చారు, దానికి బిగించిన 90 బోల్టుల్లో 84 కావలసినదానికంటే సన్నవి. తేడా 0.66 మిల్లీమీటరు. మిగిలిన ఆరు పొట్టివి.

వాటిని బిగించినవాడు కొత్త కుర్రాడు కాదు, షిఫ్టు మేనేజరు. పనిలో శ్రద్ధ ఉన్నవాడని పేరున్న మనిషి. ఆ రాత్రి మనుషులు తక్కువ కావడంతో తానే పనిలోకి దిగాడు. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు గంటల మధ్య, అంటే మనిషి ఒళ్లు నిద్రకు లాగే వేళ. విప్పిన పాత బోల్టు చేతపట్టుకుని స్టోర్సుకు వెళ్తే, ఈ పనికి వేరే సైజు వాడతారని స్టోరుకీపరు చెప్పాడు కూడా. పాతవి ఇన్నాళ్లూ నిలిచాయి కదా అని ఆయన అదే సైజు అడిగాడు. నిజానికి ఆ పాతవి కూడా సరైన సైజు కావు. అవీ చాలినన్ని లేవు. వెలుతురు సరిగా లేనిచోట, చీటీలు చెరిగిన సొరుగుల్లోంచి కంటితో పోల్చి మిగతావి తెచ్చుకున్నాడు. దగ్గరి చూపుకు కళ్లద్దాలు అవసరమైన మనిషి, అప్పుడు పెట్టుకోలేదు. బోల్టు తల చుట్టూ ఖాళీ మిగిలినా, వంగి పనిచేస్తున్న తన ఒంటి అడ్డు వల్ల అది కనపడలేదు. ఆ పనిని ఇంకొకరు తిరిగి చూడాలన్న నియమం అప్పుడు లేదు.

ఇందులో తప్పు ఎవరిది? చేయి ఆయనదే. కానీ ఆ చేతిని అక్కడిదాకా తెచ్చినవి ఎన్నో ఉన్నాయి. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జేమ్స్ రీజన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని రంధ్రాలున్న చీజ్ ముక్కలతో పోల్చాడు. మన ఇళ్లలో చెప్పుకోవాలంటే ఒకదాని మీద ఒకటి పెట్టిన జల్లెడలు అనుకోవచ్చు. అన్నిటి కన్నాలూ ఒకే వరసలోకి వచ్చిన రోజున రాయి కిందికి జారుతుంది. చివరి జల్లెడను మాత్రమే విరగ్గొట్టి పారేస్తే మిగతావి అలాగే ఉంటాయి.

రెండో ఉదాహరణ మాలాంటి గుమాస్తాలకు ఇంకా బాగా తెలుస్తుంది. ఆఫీసుల్లో మేము ఛార్జి అప్పగించేటప్పుడు జాబితా రాసి ఇద్దరం సంతకం పెట్టేవాళ్లం. అది ఉత్త తతంగమని కుర్ర ఉద్యోగులు నవ్వేవారు. 1991 సెప్టెంబరు 11న అమెరికాలోని టెక్సాస్‌లో కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ వారి చిన్న విమానం ఆకాశంలోనే విరిగి 14 మంది చనిపోయారు. ముందు రాత్రి దాని తోక రెక్క మీద పని జరిగింది. ఒక షిఫ్టువారు ఎడమ పక్క పైభాగంలోని 47 స్క్రూలు విప్పారు. తరువాతి షిఫ్టువారు కుడి పక్క పని మాత్రం చేశారు. ఎడమ పక్క స్క్రూలు విప్పి ఉన్నాయని వారికి తెలియదు. తరువాతి షిఫ్టు ఇన్‌స్పెక్టరు అప్పగింత కాగితం చూశాడు, కానీ అప్పటికి అందులో ఆ సంగతి ఇంకా రాయలేదు. నోటిమాటగా విన్నవాణ్ణి వేరే పనికి పంపేశారు. తెల్లవారి విమానం ప్రయాణికులతో బయలుదేరింది. దర్యాప్తు బోర్డు సభ్యుడు జాన్ లాబర్ మాత్రం తన విడి అభిప్రాయంలో, ఇలాంటి పద్ధతిని సాగనిచ్చిన యాజమాన్యం తీరును కూడా కారణంగా రాయాలన్నాడు. మేమూ ఆయన పక్షమే.

ముప్పై ఏళ్లు దాటినా ఈ జబ్బు పోలేదు. 2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ వారి కొత్త బోయింగ్ విమానానికి తలుపు స్థానంలో బిగించిన పలక గాలిలో ఊడిపోయింది. ఫ్యాక్టరీలో వేరే మరమ్మతు కోసం ఆ పలకను తీశారు, తీసినట్టు ఎక్కడా రాయలేదు. రాయలేదు కనుక తిరిగి బిగించిన పనిని తనిఖీ చేయాలని ఎవరికీ తెలియలేదు. నాలుగు బోల్టులు అసలు పెట్టనేలేదు. 177 మందీ బతకడం వారి అదృష్టం.

కెనడా రవాణా శాఖలో గోర్డన్ డుపాంట్ అనే ఆయన 1993లో ఇలాంటి పొరపాట్ల మూలాలను పన్నెండుగా కూర్చాడు. అలసట, తొందర, పరధ్యానం అందరికీ తెలిసినవే. మాకు గట్టిగా తగిలింది "ఇక్కడ అందరం ఇలాగే చేస్తాం" అన్న అలవాటు. కొత్తగా చేరిన పిల్లవాడు పుస్తకంలో ఒకటి చదివి, హ్యాంగర్‌లో ఇంకొకటి చూస్తాడు. పెద్దలను ఎదిరించకూడదని మనమే నేర్పి పంపుతాం.

దీనికి భాష తోడవుతుంది. మనలాంటి భాషా అల్పసంఖ్యాకులకు అర్థం కాకపోయినా తలాడించడం చిన్నప్పటి నుంచి అలవాటు. బడిలో ఒక భాష, వీధిలో ఒకటి, ఇంట్లో ఒకటి. హ్యాంగర్‌లో మాన్యువల్ ఇంగ్లీషులో ఉంటుంది, షిఫ్టు మారేటప్పటి మాట హిందీలోనో కన్నడంలోనో నడుస్తుంది. ఇంగ్లీషు సొంత భాష కానివారి కోసమే విమాన పరిశ్రమ 1986లో సులభ సాంకేతిక ఇంగ్లీషు తయారుచేసుకుంది. దాదాపు 900 మాటలు, ఒక మాటకు ఒకే అర్థం. అందులో 'ఫాలో' అంటే వెనకాల రావడమే, పాటించడం కాదు. 'క్లోజ్' అంటే మూయడమే, దగ్గర అని కాదు. కనుక ఇంగ్లీషు రాదని మన పిల్లలు జంకనక్కర్లేదు. అర్థం కానిచోట అడగడానికి మాత్రం జంకకూడదు.

అడిగినవాణ్ణి, తన పొరపాటు తానే చెప్పుకున్నవాణ్ణి యాజమాన్యం ఏం చేస్తుందన్నది అసలు సంగతి. తెలిసి నియమం తప్పినవాడికి శిక్ష ఉండవలసిందే. కానీ స్పానరు ఒకటి లెక్కకు తగ్గిందని అర్ధరాత్రి వచ్చి చెప్పిన కుర్రాడికి మెమో ఇస్తే, రెండోసారి ఎవరూ చెప్పరు, స్పానరు ఇంజిన్‌లోనే ఉండిపోతుంది. మన సీఏఆర్-145 నిబంధనల్లో షిఫ్టు అప్పగింత పద్ధతి ఉంది, మానవ తప్పిదాల మీద శిక్షణ ఉంది, లోపాలు తెలియజేసే ఏర్పాటు ఉంది. కాగితం మీద లోటు పెద్దగా లేదు. జూన్ తనిఖీల్లో కనిపించిన లోటు ఆచరణలోది.

నిద్ర సంగతి వేరు. పైలట్ల డ్యూటీ గంటల కొత్త నియమాల మీద 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయి దేశమంతా గగ్గోలెత్తింది. పైలట్లకు విశ్రాంతి ఇవ్వడం న్యాయమే. రాత్రంతా నిలబడి బోల్టులు బిగించేవాడి విశ్రాంతి గురించి మాత్రం ఆ గోలలో మాకు ఒక్క మాటా వినపడలేదు. 2024 జూన్ నుంచి పౌర విమానయాన శాఖను చూస్తున్నది శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు. ఇంజినీర్ల, టెక్నీషియన్ల రాత్రి షిఫ్టుల గురించి ఆయనకు వినతిపత్రం పంపాలని మా కార్యవర్గం అనుకుంది.

కోర్సులో చేర్చే తల్లిదండ్రులు ముందుగా ఆ సంస్థకు డీజీసీఏ వారి సీఏఆర్-147 ఆమోదం ఉందో లేదో చూసుకోండి. తరువాత వర్క్‌షాపు చూపించమని అడగండి. ప్రతి పనిముట్టుకూ గోడ మీద దాని ఆకారం గీసి ఉందా, ఖాళీగా ఉన్నచోట ఎవరు తీసుకెళ్లారో చీటీ ఉందా చూడండి. మానవ తప్పిదాల పాఠం లైసెన్సు పరీక్షల్లో తొమ్మిదో మాడ్యూలు. దాన్ని ఎవరు చెబుతారో, హ్యాంగర్‌లో పనిచేసినవారా కాదా అడగండి.

ఇప్పటికే ఈ ఉద్యోగాల్లో ఉన్న పిల్లల తల్లిదండ్రులు వారి రాత్రి డ్యూటీ వివరాలు నెల రోజులవి రాసి మా కార్యాలయానికి పంపితే వినతిపత్రానికి జతచేస్తాం. పిల్లల పేరు, కంపెనీ పేరు రాయవద్దు. షిఫ్టు మొదలైన వేళ, ఇంటికి చేరిన వేళ రాస్తే చాలు.