ముల్లు ఒకటియొద్ద నిలిచినంతమాత్రమున

ప్రసారయంత్రపు ఆంప్లిఫయరును ఏరియలునకు కలుపునప్పుడు, నడుమ నుంచిన ఎస్.డబ్ల్యూ.ఆర్. (స్థిరతరంగ నిష్పత్తి) మీటరు ముల్లు ఒకటియొద్ద నిలిచెనా ఆ ఏరియలు సర్వోత్తమమనియు, రెండు దాటెనా పంపిన శక్తి యంతయు వెనుకకు మరలి నశించుననియు ఔత్సాహిక రేడియో మిత్రులలో నొక విశ్వాసము వేరూని యున్నది. దీనిని నేను అంగీకరింపజాలను. ఏలయన, ఇది మంచి ఏరియళ్లను మన చేతులతోనే పాడుచేయించుచున్న విశ్వాసము.

నేలపై నిలువుగా నెత్తిన పావుతరంగపు కంబమునే తీసికొందము. భూమి సంపూర్ణవాహకమైనచో దాని పాదమువద్ద నిరోధము సుమారు 36 ఓములు. మన కేబులుది 50. కావున నిష్పత్తి 1.4 వచ్చును. అడుగున రాగితీగెలు పరవక ఎండిన నేలనే నమ్ముకొన్నవానికి ఆ మట్టి మరియొక 14 ఓములు చేర్చెననుకొనుడు. మొత్తము సరిగా 50, ముల్లు ఒకటియొద్ద నిలుచును, అతడు సంతోషించును. కాని కంబమునకు చేరిన ప్రతి నూరు వాట్లలో 28 వాట్లు మట్టిని వేడిచేయుటకే వ్యయమగుచున్నవి. తరువాత నతడు చుట్టును తీగెలు పరచినకొలది నష్టము తగ్గును, ప్రసారము బలపడును, ముల్లు మాత్రము 1.4 వైపునకు జరుగును. తీగెలు చెరుపు చేసినవని తలచి అతడు వానిని పెరికివేసినయెడల, ఆ తప్పు అతనిది కాదు, అతనికి ఈ పాఠము చెప్పినవారిది.

కేబులు చేయు వంచన ఇంతకన్న గాఢమైనది. పోవుత్రోవలో సగము శక్తిని మ్రింగు పొడవైన సన్నని కేబులు పైకొననుండి ఏరియలును పూర్తిగా ఊడదీసినను, అచటికి చేరిన సగము మరలివచ్చుచు త్రోవలో మరల సగమై, మీటరునకు నాలుగవ వంతుగానే కనబడును. అప్పుడది చూపు నిష్పత్తి 3 మాత్రమే. ఏరియలు లేదను సంగతినే తెలుపలేని సాక్షి, ఉన్న ఏరియలు గుణమునకు ఎట్లు ప్రమాణమగును? వాననీరు చొచ్చి కేబులు చెడినకొలది ముల్లు ఒకటికి చేరువగును. వేడెక్కుట తప్ప వేరెఱుగని 50 ఓముల డమ్మీలోడు సైతము ఈ మీటరు ముందు నిర్దుష్టమైన ఏరియలే.

ఇక మరలిన శక్తి మాట. నిష్పత్తి రెండైనపుడు మరలునది నూటికి 11 వంతులు మాత్రమే. ఆ వంతులును నశింపవు. ఆంప్లిఫయరు కొనయందలి సంధానవలయమును సరిగా పొసగించినచో, అవి అచట తిరిగి ప్రతిఫలించి ఏరియలునకే పోవును. నష్టమనునది కేబులులో అదనముగా చేసిన ప్రయాణమున కలిగినదే. ఏరియళ్ల ఇంజనీరు వాల్టర్ మాక్స్‌వెల్ క్యూ.ఎస్.టి. అను ఔత్సాహిక రేడియో పత్రికలో 1973 నుండి వ్రాసిన వ్యాసపరంపర ఈ సంగతిని విశదపరచినను, పాతభయము పోలేదు. నేటి ట్రాన్సిస్టరు ఆంప్లిఫయర్లు 50 ఓముల భారమునకే రూపొందినవనియు, నిష్పత్తి రెండు దాటుసరికి పెక్కు యంత్రములు ఆత్మరక్షణకై శక్తిని తగ్గించుకొనుననియు నేనెఱుగుదును. అది యంత్రపు అవసరము. ఏరియలు యోగ్యత కాదు.

మీటరును పారవేయుమనను. దానిని కేబులు ఏరియలును చేరుచోటికి గొనిపోయి చూడుడు. తీగెలు పరచుటకు ముందును పిమ్మటను, ఆంప్లిఫయరు శక్తిని మార్పక, కొన్ని తరంగదైర్ఘ్యముల దూరమున ఒకేచోట నుంచిన క్షేత్రబలమాపకపు అంకెను వ్రాసికొనుడు. నిష్పత్తితోపాటు ఆ అంకెయు పెరిగెనేని, తీగెలను నేలలోనే యుండనిండు.