శాండ్‌విచ్‌లో ఉప్పెక్కడ?

ఇంట్లో చేసిన శాండ్‌విచ్ మీద పిల్లల ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే... 'చప్పగా ఉందమ్మా!' అని. పొద్దున్నే హడావుడిగా రెండు బ్రెడ్డు ముక్కలకు వెన్న రాసి, మధ్యలో నాలుగు టమోటా చక్రాలు, నాలుగు కీరా చక్రాలు పేర్చి డబ్బాలో పెట్టేస్తుంది అమ్మ. మధ్యాహ్నం బెల్లు కొట్టేసరికి బ్రెడ్డు నానిపోతుంది. టమోటా ఓ పక్కకి జారిపోతుంది. రుచి మాత్రం ఎంత వెతికినా దొరకదు. అదే పిల్లలు సాయంత్రం బజారుకెళ్తే బండి దగ్గర ఆగి శాండ్‌విచ్ కొనిపెట్టమంటారు. అక్కడా అదే బ్రెడ్డు, అదే టమోటా. మరి ఆ బండి అతని చేతిలో ఏముంది?

మంత్రమేం లేదు. అతను ఏ పొరనీ వట్టిగా వదలడు, అంతే. ముంబయి వీధుల్లో పేరు తెచ్చుకుని ఊరూరా పాకిన ఆకుపచ్చ చట్నీ శాండ్‌విచ్ చేసేటప్పుడు ఓసారి గమనించండి. బ్రెడ్డుకి వెన్న, దాని మీద చట్నీ. ఉడికిన బంగాళాదుంప చక్రాలు పేర్చి చిటికెడు మసాలా. టమోటా పెట్టి మళ్లీ చిటికెడు. ఉల్లిపాయ పెట్టి ఇంకో చిటికెడు. ఇంట్లో మనం చేసేదేమిటి? అన్నీ పేర్చేసి, ఆఖర్న కెచప్ పోసి, మూత పెట్టినట్టు రెండో ముక్క పెట్టేయడం! నాలుక్కి మొదట కెచప్ తీపి తగులుతుంది, ఆ తర్వాత అంతా పచ్చి కూరగాయే.

ఇది పుట్టిన ఇంగ్లాండులోనూ ఎవరూ దాన్ని వట్టిగా తినలేదు. నాలుగో ఎర్ల్ ఆఫ్ శాండ్‌విచ్ అనే బిరుదున్న జాన్ మాంటెగ్యూ మీదుగా దీనికా పేరొచ్చింది. చరిత్రకారుడు ఎడ్వర్డ్ గిబ్బన్ 1762లో తన డైరీలో ఈ మాట రాసుకున్నాడు. చల్లారిన మాంసం మధ్యలో పెట్టుకుంటే దానికి తోడు ఆవముద్ద రాసుకోవడం ఆ దేశస్థుల అలవాటు. మనం మాంసం తీసేసి కీరా పెట్టాం. ఆవ సంగతి మర్చిపోయాం. ఆవ పెట్టిన కూరలు లొట్టలేసుకుని తినే ఉత్తరాంధ్ర వాళ్లు కూడా మర్చిపోవడమే విడ్డూరం!

ఉప్పు పండే చోట ఉప్పు మీద ఆంక్ష

పలాస, టెక్కలి, ఉద్దానం వైపు ఈ చప్పదనం పిల్లల డబ్బాతో ఆగదు. టెక్కలికి దగ్గర్లోని నౌపడలో రోడ్డు పక్కనే ఉప్పు మడులు కనిపిస్తాయి. సముద్రపు నీరు ఎండి, తెల్లటి ఉప్పు కుప్పలు తేలే నేల అది. అక్కణ్నుంచి ఉత్తరంగా కదిలితే ఉద్దానం. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం... కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య ఊళ్లు. అక్కడ చాలా ఇళ్లలో కిడ్నీ జబ్బుతో మందులు వాడేవాళ్లో, డయాలసిస్‌కి వెళ్లొచ్చేవాళ్లో ఉన్నారు. ఈ జబ్బుకి కారణం ఇదీ అని ఎన్ని అధ్యయనాలు జరిగినా ఒక్క మాటగా తేలలేదు. ఉప్పు వల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేదు. కానీ వచ్చాక డాక్టర్లు సాధారణంగా చెప్పే మొదటి మాటల్లో ఒకటి మాత్రం ఇదే... ఉప్పు తగ్గించండి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఈ ఊళ్లకు తాగునీరిచ్చే పథకమూ ఆ నెలలోనే మొదలైంది. ఆసుపత్రి, నీళ్లు ప్రభుత్వాలు చూస్తాయి. పళ్లెంలోని చప్పదనం మాత్రం ఇంటి ఇల్లాలే చూసుకోవాలి.

'ఏటమ్మా ఇది? ఉప్పు నేదు, కారం నేదు... గడ్డి నమిలినట్టుంది' అంటాడు మావయ్య.

'డాక్టరు గారు ఉప్పు తగ్గించమన్నారు కదా మావయ్యా' అంటుంది కోడలు.

'తగ్గించమన్నాడు గానీ రుచి తీసీమన్నాడేటి?'

ఇలాంటి ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు వినిపించే మాటలే ఇవి. పెద్దాయన అడిగిన దాంట్లో న్యాయం ఉంది. ఉప్పు ఒక్కటే రుచి కాదు. పులుపు, ఘాటు, కమ్మటి వాసన కూడా రుచే. పైగా నాలుగు నిమ్మచుక్కలు పడితే ఉన్న కాస్త ఉప్పే ఎక్కువగా తోస్తుంది. అన్నం, పులుసు, చారు అందరికీ ఒకే గిన్నెలో ఉడుకుతాయి. వేసిన ఉప్పు తియ్యలేం. శాండ్‌విచ్‌కి ఆ ఇబ్బంది లేదు. ఎవరిది వాళ్లకి విడిగా పేర్చవచ్చు. ఒకే పీట మీద పెద్దాయనకు ఉప్పు లేకుండా, బడికెళ్లే పిల్లకి ఉప్పుతో చేసివ్వచ్చు.

డబ్బా తెరవకముందే గ్రామున్నర

ముందు లెక్క చూద్దాం. రోజుకి మనిషికి 5 గ్రాముల లోపే ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంటే చిన్న చెంచాడు కూడా నిండదు. కూరలో, పచ్చడిలో, మజ్జిగలో అంతా కలిపి! ఇక శాండ్‌విచ్ సంగతి. బ్రెడ్డులో ఉప్పుంటుందని చాలామందికి తట్టదు. రెండు ముక్కల్లో సుమారు అర గ్రాము ఉంటుంది. ప్యాకెట్ చీజ్ ముక్క ఒకటి పెడితే మరో అర గ్రాము పైమాటే. చెంచాడు కెచప్‌తో ఇంకో అర గ్రాముకి కాస్త తక్కువ. ఉప్పు డబ్బా మూత తియ్యకుండానే గ్రామున్నర అయిపోయింది. ఇందులో నాలుక్కి తెలిసిందెంత? బ్రెడ్డు ఉప్పు బ్రెడ్డులోనే ఉండిపోతుంది, కెచప్ ఉప్పు తీపి చాటున దాక్కుంటుంది. కొన్న వెన్నలోనూ సాధారణంగా ఉప్పుంటుంది. ఇంట్లో చిలికిన వెన్నలో ఉండదు. చాట్ మసాలా చల్లితే ఉప్పు వేయలేదనుకుంటారు కొందరు. అందులో నల్ల ఉప్పు, మామూలు ఉప్పు రెండూ ఉంటాయి మరి.

కాబట్టి దాగుండే ఉప్పుని తగ్గించి, కనిపించే ఉప్పుని సరైన చోట వేయాలి. ఆ చోటు టమోటా. వెన్న మీద చల్లిన ఉప్పు కరగదు, ఎందుకంటే ఉప్పు కరగాలంటే తడి కావాలి. టమోటా చక్రాలను పళ్లెంలో పరిచి, మెత్తగా నూరిన ఉప్పు ఒక్క చిటికెడు అన్నిటి మీదా పడేలా ఎత్తు నుంచి చల్లండి. పది నిమిషాలాగితే నీరు ఊరుతుంది. ఆ నీరు వంపేసి, శుభ్రమైన గుడ్డతో అద్దితే రెండు లాభాలు. టమోటా పులుపు, తీపి రెండూ తేలతాయి, బ్రెడ్డూ నానదు. కీరాకీ ఇదే పద్ధతి. కీరాలో కాస్త చేదుంటే ఉప్పు దాన్నీ అణుస్తుంది. గల్లుప్పు వాడే ఇళ్లలో దాన్ని రోట్లో మెత్తగా చేసుకోవడం మంచిది. మెత్తటిది నాలుక మీద వెంటనే కరుగుతుంది గనక తక్కువతో సరిపోతుంది. అయొడిన్ కలిపిన ఉప్పే వాడాలన్నది మాత్రం మరవద్దు.

మిరియాలు ముందే పొడి చేసి సీసాలో దాచిపెడితే కారం మిగులుతుందేమో గానీ వాసన పోతుంది. అప్పటికప్పుడు నాలుగు గింజలు దంచుకోవాలి. ఉల్లిపాయను సన్నగా తరిగి నిమ్మరసంలో పది నిమిషాలు ఉంచితే పచ్చి ఘాటు పోయి పులుపెక్కుతుంది. దీనికి ఉప్పు అసలక్కర్లేదు.

పోపు పెట్టిన వెన్న

మసాలా చల్లడం అంటే మనకు పరాయి విద్యలా తోస్తుంది గానీ, పోపు పెట్టే చేతికి ఇదేం కొత్త కాదు. దినుసుల్లోని వాసన నూనెలో, వెన్నలో దిగినంతగా నీళ్లలో దిగదు. అందుకే చారుకి పోపు పెడతాం. శాండ్‌విచ్‌కి మాత్రం ఎందుకు పెట్టకూడదు? చెంచాడు ఇంటి వెన్న కరిగించి అర చెంచా జీలకర్ర, కాసిని ఆవాలు, చితక్కొట్టిన వెల్లుల్లి, రెండు రెబ్బల కరివేపాకు వేయించాలి. చల్లారాక కరివేపాకు నలిపి, మిగిలిన నాలుగు చెంచాల మెత్తటి వెన్నలో కలిపేయాలి. దీన్ని బ్రెడ్డుకి అంచుల దాకా రాయాలి. మధ్యలో మెత్తి వదిలేస్తే అంచులు చప్పగా ఉండటమే కాదు, కూరల తడి అటునుంచే లోపలికి దిగుతుంది. ఉప్పు ఒక్క రవ్వ లేకపోయినా ఈ వెన్న రాసిన బ్రెడ్డుని పెనం మీద ఎర్రగా కాలిస్తే వీధి చివరిదాకా వాసన పోతుంది.

డబ్బాలో చల్లారిన తిండి వాసన తక్కువిస్తుంది. అందువల్ల వేడిగా తినేదానికన్నా డబ్బాకి పెట్టేదానిలో నిమ్మరసం, మిరియాలు కాస్త ముందుకే ఉండాలి. పొయ్యి దగ్గర రుచి చూసి సరిపోయిందనుకుంటే మధ్యాహ్నానికి తక్కువైనట్టే.

ఇక ఆవ. ఆవాలు నూరి, నీళ్లు తగిలాక గానీ ఘాటు పుట్టదు. నీళ్లు కలిపి పది నిమిషాలు వదిలేయాలి, ఆ తర్వాత నిమ్మరసం పిండాలి. వేడి తగిలితే ఆ ఘాటు పారిపోతుంది. పనసపొట్టు కూర దించి, చల్లారాకే ఆవ కలపమని అమ్మమ్మలు చెప్పింది అందుకే. రాత్రి మిగిలిన ఆవ పెట్టిన పనసపొట్టు కూరని పొద్దున్న కాల్చిన బ్రెడ్డు మధ్య పెట్టి చూడండి. ఇంగ్లీషువాడి ఆవముద్ద, ఉద్దానం పనస ఒక్కచోట కలుస్తాయి. కూరలో ఉప్పు ఉంది గనక ఇంకేమీ చల్లొద్దు. తీరం ఊళ్లలో ఎండు రొయ్యల పొడి పెట్టుకునేవాళ్లకీ ఇదే మాట. అది వేసిన చోట ఉప్పు డబ్బా తీయకూడదు.

మయోనైజ్ రాస్తేనే గానీ పిల్లలు ముట్టరనేవాళ్లకి పలాసలో మంచి మార్గముంది. పచ్చిగుడ్డుతో చేసిన మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో ఏడాదిపాటు నిషేధించిన సంగతి గుర్తుండే ఉంటుంది. దాని బదులు జీడిపప్పు. పలాస-కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో ఆడవాళ్లు పొట్టు తీసి నిండు గింజలు, బద్దలు, ముక్కలు విడదీస్తారు. నిండు గింజకున్న ధర ముక్కకుండదు. రుచిలో తేడా ఏమీ లేదు. నూరడానికి ముక్కలే చాలు. అరకప్పు ముక్కల్ని వేడినీళ్లలో అరగంట నానబెట్టి, ఒక వెల్లుల్లి రెబ్బ, ఓ పచ్చిమిరపకాయ, సగం నిమ్మచెక్క రసం, నాలుగు మిరియాలతో వెన్నలా నూరాలి. ఫ్రిజ్‌లో రెండు రోజులు నిలవుంటుంది. కొబ్బరితోనూ చేసుకోవచ్చు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చిన తోటల్లో మళ్లీ నాటిన చెట్ల కాయే కావచ్చు మీ ఇంటికొచ్చింది. పచ్చికొబ్బరి, కొత్తిమీర, పచ్చిమిర్చి, చిన్న పచ్చిమామిడి ముక్క... నీళ్లు పోయకుండా గట్టిగా నూరితే చట్నీ బ్రెడ్డులోకి ఇంకదు.

పెద్దాయనకు మాత్రం...

ఇక్కడ ఓ జాగ్రత్త ఉంది. బజారులో 'తక్కువ సోడియం' అని ఉప్పు ప్యాకెట్లు దొరుకుతున్నాయి. ఉప్పు తగ్గించమన్నారు కదా అని కిడ్నీ జబ్బున్నవాళ్లకి అవి కొని పెట్టేవాళ్లున్నారు. అది చాలా ప్రమాదం. వాటిలో సోడియం కొంత తీసేసి పొటాషియం కలుపుతారు. దెబ్బతిన్న కిడ్నీ పొటాషియాన్ని సరిగా బయటికి పంపలేదు. అది ఒంట్లో పేరుకుంటే గుండెకే ముప్పు. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి ఉప్పుల్ని సిఫారసు చేస్తూనే కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకీ, పిల్లలకీ, గర్భిణులకీ ఆ సిఫారసు వర్తించదని చెప్పింది. టమోటా, కొబ్బరి, జీడిపప్పు, బంగాళాదుంపల్లోనూ పొటాషియం ఉంటుంది. పెద్దాయనకు అవి ఎంతవరకు పెట్టవచ్చో రక్తపరీక్ష చూసిన డాక్టరే చెప్పాలి. వద్దన్నప్పుడు కీరా, నిమ్మరసంలో నానిన ఉల్లిపాయ, సన్నగా తరిగిన క్యాబేజీ చాలు. డయాలసిస్ చేయించుకుంటూ మాంసకృత్తులు పెంచమన్నవాళ్లకి ఉడికించిన గుడ్డు తెల్లసొన తరిగి మిరియాల పొడితో పెట్టవచ్చు. పోపు పెట్టిన ఉప్పు లేని వెన్న, ఆవముద్ద ఉండనే ఉన్నాయి. కెచప్, చీజ్, చాట్ మసాలా ఆయన ముక్క దగ్గరికి రానివ్వకూడదు. ఉప్పు తగ్గిన నోటికి అలవాటు పడడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాల్లో ఘాటు, పులుపే తోడు.

పేర్చేటప్పుడు వరస ఇలా ఉంటే బావుంటుంది. ముందు పెద్దాయనది పూర్తి చేసి పక్కన పెట్టాలి. అప్పటిదాకా ఉప్పు డబ్బా మూత తియ్యొద్దు, ఉప్పు అంటిన చేత్తో ఆయన ముక్క ముట్టొద్దు. తర్వాతే పిల్లలకోసం టమోటా మీద చిటికెడు. టమోటా రెండు పక్కలా పొడిగా ఉండే ముక్కలు, అంటే ఉల్లిపాయో క్యాబేజీయో వచ్చేలా చూసుకుంటే తడి బ్రెడ్డుని చేరదు. వేడి మీదే డబ్బా మూత బిగిస్తే ఆవిరికి మెత్తబడుతుంది, కాసేపు ఆరనివ్వాలి. ఉప్పు లేనిదాన్ని మూలకు మూలగా త్రికోణంలో, ఉన్నదాన్ని నలుచదరంగా కోసి పెడితే... పొద్దుటి హడావుడిలో డబ్బాలు తారుమారు కావు.