చచ్చినా తీరని తప్పు

"అమ్మయ్య, పీడా విరగడైంది!"

ఈ మాట అన్నది ఏ గయ్యాళి అత్తగారో కాదండీ. ఎమ్మే చదివిన మా అక్క కూతురు. ఎవరి గురించి అనుకున్నారు? టీవీలో కాటు తిని, చెమటలు కక్కుతూ, చావుకి సిద్ధపడి గోడకి జారగిలబడ్డ ఒక ఆడమనిషి గురించి!

కంగారు పడకండి, అది కథే. "ది వాకింగ్ డెడ్" అని అమెరికా వాళ్ళ జాంబీల సీరియల్. 2010 నుంచి 2022 దాకా నడిచింది. చచ్చినవాళ్ళు లేచొచ్చి బతికున్నవాళ్ళని పీక్కు తింటారు. బతికున్నవాళ్ళు తీరిక దొరికినప్పుడల్లా ఒకళ్ళనొకళ్ళు పీక్కు తింటారు. సెలవులకి వచ్చిన పిల్ల పక్కన కూర్చుని నేనూ చూశాను. చూశాక ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

ఆ ఆడమనిషి పేరు ఆండ్రియా. లోకం తలకిందులు కాకముందు పౌరహక్కుల కేసులు వాదించిన లాయరు. కళ్ళెదుటే చెల్లెలు పోయింది. పోయిన చెల్లెలు జాంబీ అయి లేస్తే, తన చేత్తోనే తుపాకీ పేల్చుకోవలసి వచ్చింది. ఇంక బతకనంది. కాసేపట్లో పేలిపోయే భవనంలో కదలకుండా కూర్చుంది. డేల్ అనే పెద్దాయన, నువ్వు రాకపోతే నేనూ రానని భీష్మించి ఆమెని బయటికి తెచ్చాడు. అలాంటి మనిషి మళ్ళీ నిలదొక్కుకుంది, తుపాకీ గురి నేర్చుకుంది. మూడో సీజన్లో వుడ్‌బరీ అనే ఊళ్ళో నీడ దొరికిందనుకుని, ఆ ఊరిపెద్ద 'గవర్నర్'ని నమ్మింది. వాడు రాక్షసుడు. ఆ సంగతి తెలిశాక, నిద్రపోతున్న వాడి మీద కత్తి ఎత్తింది గానీ పొడవలేకపోయింది. 2013 మార్చి 31న ప్రసారమైన ఘట్టంలో, వాడు కట్టి పడేసిన గదిలోనే ఆమె కథ ముగిసింది. అప్పట్లో అక్కడ కూడా ఎందరో ప్రేక్షకులు మా పిల్లలాగే సంబరపడ్డారు.

సరే, ఒక్క వారం వెనక్కి వెళదాం. మార్చి 24న ఆ గవర్నర్ చేతిలోనే మెర్ల్ అనేవాడు చచ్చాడు. వీడెవడు? నోరు తెరిస్తే నల్లవాళ్ళ మీద బూతులు. గ్లెన్ అనే కుర్రవాణ్ణి కుర్చీకి కట్టి, చావబాది, ఆ గదిలోకే జాంబీని తోలిన ఘనుడు. గవర్నర్‌కి కుడిభుజంలా మసిలినవాడు. అయితే చివర్లో ఒక్క మంచిపని చేశాడు. అప్పగించడానికి పట్టుకెళుతున్న మిషోన్ అనే అమ్మాయిని దారిలో వదిలేసి, ఒంటరిగా వెళ్ళి శత్రువుల మీద పడ్డాడు. అంతే! పాపాలన్నీ కడిగేసుకుపోయాయి. జాంబీ అయిన అతన్ని చూసి తమ్ముడు డారిల్ ఏడుస్తూంటే, మా పిల్ల చున్నీతో కళ్ళొత్తుకుంది. ఆ చున్నీ ఆరకముందే ఆండ్రియాకి "పీడా విరగడైంది"!

"అదేమిటే?" అన్నాను.

"అది వేరు పిన్నీ. ఆవిడ పాత్రని సరిగ్గా రాయలేదు, అందుకని కోపం."

నేనూ నవలలు రాసేదాన్నే. పాత్ర చెడితే తిట్టవలసింది రాసినవాళ్ళని. ఈ సీరియల్‌కి మూలమైన బొమ్మల కథలో ఆండ్రియా ఎంత గొప్ప మనిషో! అందులో ఆమె గురి తప్పని యోధురాలు, నాయకుడు రిక్‌కి తోడుగా నిలిచిన మనిషి. టీవీ ఆండ్రియా పోయిన తర్వాత కూడా కొన్నేళ్ళు బతికే ఉంది. టీవీ వాళ్ళు ఆమెని తెలివితక్కువదాన్ని చేస్తే శాపనార్థాలు వాళ్ళకి కదా తగలాలి!

పోనీ ఈమె ఒక్కతే అనుకుందామా? 2012 నవంబరు 4న రిక్ భార్య లోరీ కాన్పు కష్టమై పోయింది. మత్తుమందు లేకుండా కడుపు కోయించుకుని బిడ్డని లోకానికిచ్చింది. అంతకుముందు ఆమెనీ తిట్టినవాళ్ళు తిట్టినట్టే ఉన్నారు. భర్త చనిపోయాడనుకుని అతని స్నేహితుడికి దగ్గరైన నేరానికి! ఆ స్నేహితుడు షేన్, తను బతకడానికి సాటి మనిషి కాలు మీద కాల్చి జాంబీలకి ఆహారంగా వదిలేశాడు. అతనికి మాత్రం అభిమానులు కరువు కాలేదు.

ఉత్త కథకి ఇంత రాద్ధాంతమా అంటారేమో. రాద్ధాంతమే చేస్తాను. ఎందుకంటే ఈ తీర్పు మనం టీవీ కట్టేశాక కూడా కట్టేయం. మొగుడు కొడితే పుట్టింటికి చేరిన పిల్లని "అంత చదువుకుంది, ముందే తెలుసుకోవద్దూ?" అంటాం. పాపం, మళ్ళీ నమ్మి వాడి దగ్గరికే వెళితే "కావలసిందే దానికి" అంటాం. అదే మొగుడు నాలుగు రోజులు తాగుడు మానేస్తే? "ఎంత మారిపోయాడండీ!" మగవాడి పాపానికి ఒక్క మంచిపని చాలు. ఆడదాని పొరపాటుకి ప్రాణం పెట్టినా చాలదు. ఈ లెక్క మన ఇళ్ళల్లో ఆడపిల్లల చెవిన పడుతూనే ఉంటుంది. రేపు వాళ్ళలో ఎవరైనా మనిషిని నమ్మి మోసపోతే, ఇంటికొచ్చి చెప్పుకునే ధైర్యం వాళ్ళకి ఎక్కడినుంచి వస్తుంది?

"అయితే ఆండ్రియాది తప్పు కాదంటావా?" అంది మా పిల్ల, మూతి ముడిచి.

తప్పే. ఆ రాత్రి కత్తి దించకుండా ఉంటే ఎన్నో ప్రాణాలు మిగిలేవి. కానీ ఎవరినీ చావనివ్వకూడదన్న తపనతో చేసిన తప్పది. దానికి తన ప్రాణమే చెల్లించింది. ఇంకా ఎంత బాకీ ఉందమ్మా ఆమె మనకి?

చచ్చినవాళ్ళని మళ్ళీ చంపడం ఆ సీరియల్లో వాళ్ళకి తప్పదు, లేకపోతే బతకలేరు. మనకేం వచ్చిందండీ?