హోస్టాకు చలి కావాలి, మన నీడకు పసుపు చాలు

పెరటి మొక్కలను గురించి మాకు అందే లేఖలలో ఇటీవల ఒకే ప్రశ్న పలుమార్లు కనిపిస్తున్నది. అమెరికాలోనో బ్రిటన్‌లోనో స్థిరపడిన కుమారుడు గాని, కుమార్తె గాని తమ ఇంటి ముంగిట పెరిగిన ఒక మొక్క చిత్రాన్ని తల్లికి పంపుతారు. అరచేతికన్నా వెడల్పైన ఆకులు, వాటిపై నీలి ఛాయ, తెల్లని అంచులు. పూలకన్నా ఆకులే దానికి అందం. "దీని పేరు హోస్టా అట. నీడలోనే పెరుగుతుందట. మా ఇంటికి ఉత్తరం వైపున ఎండ పడని మూల ఒకటి ఖాళీగా ఉన్నది. అక్కడ దీనిని పెంచవచ్చునా?" అని ఆ తల్లులు అడుగుతున్నారు. కొందరు అప్పటికే విత్తనాల కోసం డబ్బు చెల్లించి, ఒక్క మొలకైనా రాలేదని బాధపడుతున్నారు. ఒక కుటుంబపు సొమ్ము, శ్రమ, ఆశ ముడిపడిన విషయం గనుక ఈ నెల దీనిని కొంత వివరంగా చర్చిద్దాం.

హోస్టా పుట్టిల్లు జపాన్, కొరియా, చైనా ప్రాంతాలు. అక్కడి కొండవాలులలో, వాగుల గట్లపై, చెట్ల నీడన ఇది సహజంగా పెరుగుతుంది. జపాన్‌లో దీనిని గిబోషి అంటారు. కొన్ని రకాల లేత మొలకలను అక్కడివారు ఉరుయి అనే పేరుతో కూరగా వండుకుంటారు. 18వ శతాబ్దం చివర చైనా నుండి, 19వ శతాబ్దంలో జపాన్ నుండి ఈ మొక్కలు ఐరోపాకు చేరాయి. జపాన్ రకాలను చేర్చినవారిలో ముఖ్యుడు ఫిలిప్ ఫ్రాంజ్ ఫాన్ సీబోల్డ్ అనే జర్మన్ వైద్యుడు. ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు నికోలాస్ థామస్ హోస్ట్ పేరు మీదుగా 1812లో దీనికి హోస్టా అని నామకరణం జరిగింది. శాస్త్రజ్ఞులు నేడు దీనిని శతావరి కుటుంబంలో చేరుస్తున్నారు. మన అంగళ్లలో లిల్లీ పూలని అమ్మే నేలసంపెంగ కూడా ఆ కుటుంబానికి చెందినదే. చుట్టరికం దగ్గరిదే గాని, ఈ రెండింటి స్వభావాలు వేరు. నేలసంపెంగ మన వేడిని ఓర్చుకుంటుంది, హోస్టా ఓర్చుకోలేదు.

దీనికి కారణం ఎండ ఒక్కటే కాదు. ఎండనుండి మొక్కను నీడ కాపాడగలదు. కాని హోస్టాకు ఏటా దీర్ఘమైన చలి నిద్ర అవసరం. శరత్కాలం ముగిసేసరికి దాని ఆకులన్నీ పండి రాలిపోతాయి. నేలపై ఏమీ మిగలదు. గడ్డకట్టే చలిలో వేరు మొదలు మాత్రం నేలలోపల కొన్ని వారాలపాటు విశ్రాంతి పొందుతుంది. వసంతంలో అందులోనుండి చుట్టలు చుట్టిన కొత్త ఆకులు పైకి వస్తాయి. ఈ నిద్ర లభించని మొక్క వెంటనే చావదు. మొదటి ఏడు బాగానే ఉన్నట్లు కనిపిస్తుంది; మరుసటి ఏడు ఆకులు చిన్నవవుతాయి; ఆ తరువాత క్షీణించి నశిస్తుంది. హైదరాబాద్, విజయవాడ, కర్నూలు వంటి చోట్ల శీతాకాలపు రాత్రులు దానికి చలిగా తోచవు. లంబసింగిలో తెల్లవారుజామున వణికించే చలి ఉన్నా, పగలు ఎండ కాస్తుంది. ఆ చలి దినాలు కూడా కొద్దే. కనుక మైదాన ప్రాంతాలలో హోస్టాను పెంచవద్దన్నదే మా సలహా. కుండీ చుట్టూ మంచుగడ్డలు పేర్చినా ప్రయోజనం ఉండదు.

ఇక విత్తనాల సంగతి. నీలం, ఊదా, ఇంద్రధనుస్సు రంగుల ఆకుల చిత్రాలు చూపి హోస్టా విత్తనాలంటూ అమ్మే ప్రకటనలు తరచుగా కనిపిస్తాయి. ఇంద్రధనుస్సు రంగుల హోస్టా లోకంలో లేదు. నీలి హోస్టా ఉన్నది గాని, ఆ నీలం ఆకు లోపలి రంగు కాదు. ఆకుపై పేరుకున్న సన్నని మైనపు పూత. ఎండకు, వానకు ఆ పూత తరిగి, వేసవి ముగిసేలోగా ఆకు పచ్చబడుతుంది. మరొక ముఖ్య విషయం: మేలురకం హోస్టా విత్తనం నుండి తల్లి వంటి మొక్క రావడం అరుదు. తెల్లని అంచులు విత్తనం ద్వారా సాధారణంగా సంక్రమించవు. మొలిచినవాటిలో అధికభాగం సాదా పచ్చ మొక్కలే. అందువల్ల దీనిని పెంచేవారు దుబ్బును చీల్చి పిలకలు నాటుతారు. ఈ ఒక్క సంగతి తెలిసిన సోదరి రంగుల చిత్రం చూసి మోసపోదు.

పిల్లలు సెలవులకు వచ్చేటప్పుడు పెట్టెలో ఒక పిలక తెమ్మని కోరడం కూడా తగదు. విదేశాలనుండి మొక్కలు, దుంపలు, విత్తనాలు తేవడానికి మన దేశంలో 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం అవసరం. ఇది వట్టి లాంఛనం కాదు. వేరుకు అంటిన చారెడు మట్టిలో వచ్చే పురుగు గాని, తెగులు గాని ఇక్కడి రైతు చేనికి పాకవచ్చు.

అయితే చలి దేశాలలో ఉన్న మన కుటుంబాలకు హోస్టా చక్కని నేస్తం. ఈ పత్రిక వారికీ చేరుతున్నది గనుక నాలుగు మాటలు చెబుతాం. వసంతంలో గాని, శరత్కాలపు ఆరంభంలో గాని నాటాలి. వేరు గుత్తికి రెండింతల వెడల్పు గుంత తీసి, బాగా మాగిన కంపోస్టు కలిపి, మొదలు నేల మట్టానికి సమంగా ఉండేటట్లు నిలపాలి. ఉదయపు లేత ఎండ, మధ్యాహ్నం నుండి నీడ దీనికి అనుకూలం. నీలి ఆకుల రకాలకు నీడ ఎక్కువగా, పసుపు ఛాయ గలవాటికి వెలుగు కొంత ఎక్కువగా కావాలి. వానలు లేనప్పుడు వారానికి అంగుళం వాన కురిసినంత నీరు వేళ్లకు అందేలా పోయాలి. పూర్తి ఆకారం రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. తొందరపడి ఏటా తవ్వి చూడరాదు.

కుండీలో పెంచేవారు జాలితో ఒక పొరపాటు చేస్తుంటారు. మంచు కురిసే వేళకు మొక్క చలికి చనిపోతుందేమోనని వెచ్చని గదిలోకి తెస్తారు. ఆ వెచ్చదనమే దానికి హాని. ఆకులు రాలిన కుండీని ఆరుబయట గోడవార గాని, హీటరు లేని గ్యారేజీలో గాని ఉంచాలి. మట్టి పూర్తిగా ఎండిపోకుండా, నీరు నిలువకుండా చూస్తే చాలు. బోసిగా కనిపించే కుండీ చచ్చిన కుండీ కాదని ఇంటిల్లిపాదికీ ముందే చెప్పి ఉంచడం మేలు.

హోస్టాకు పెద్ద శత్రువులు నత్తలు, గుల్లలేని నత్తలు. ఆకులకు రాత్రికి రాత్రే జల్లెడ వలె చిల్లులు పడితే అది వాటి పనే. గిన్నెలో బీరు పోసి మట్టిలో పాతిపెట్టమని అక్కడి తోటల పుస్తకాలు చెబుతాయి. అది మన ఇళ్లలో అడుగుపెట్టేది కాదు. దాని అవసరమూ లేదు. నత్తలను లాగేది పులుపు వాసన. పిండి, నీరు, ఈస్ట్ కలిపిన పలుచని జావ ఆ పని చేస్తుంది. నీటిని సాయంత్రం కాక ఉదయం పోయడం, చీకటిపడ్డాక దీపంతో వెదికి ఏరివేయడం ఇంకా మేలైన ఉపాయాలు. మెటల్డిహైడ్ గుళికల జోలికి పోవద్దు. కుక్కలకు, పక్షులకు ప్రమాదకరమైన ఈ మందును ఆరుబయట వాడరాదని గ్రేట్ బ్రిటన్‌లో 2022 నుండి నిషేధించారు. ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు దానికన్నా సురక్షితం.

ఆకుల ఈనెల వెంట మురికి పచ్చ మరకలు, వంకరలు కనిపిస్తే హోస్టా వైరస్ ఎక్స్ కావచ్చు. 1996లో గుర్తించిన ఈ తెగులుకు మందు లేదు. కత్తికి అంటిన రసంతో ఇది ఒక మొక్కనుండి మరొకదానికి పాకుతుంది. అటువంటి మొక్కను వేళ్లతో సహా తీసివేసి, పనిముట్లను శుభ్రపరచాలి. జాలిపడి పొరుగువారికి పిలకలు పంచరాదు. పిల్లులు, కుక్కలు ఉన్న ఇంట మరొక జాగ్రత్త అవసరం. హోస్టాలోని సాపోనిన్లు వాటికి విషం. ఆకులు నమిలితే వాంతులు, విరేచనాలు కలుగుతాయి.

ఇప్పుడు మన నీడ మూలకు వద్దాం. హోస్టా చలికాలంలో నిద్రిస్తుంది. ఇదే రీతిలో నేలలోపల నిద్రించే మొక్కలు మనకూ ఉన్నాయి. కాని వాటి నిద్రకు చలి అక్కరలేదు. మట్టి పొడిగా ఉంటే చాలు. వానలు రాగానే అవి మేల్కొంటాయి. ఈ మూలకు మనం వెదకవలసింది అటువంటి మొక్కలనే.

వాటిలో మొదటిది పసుపు. నిజామాబాద్, దుగ్గిరాల మార్కెట్లకు బస్తాలలో వచ్చే పంటగానే దీనిని ఎరుగుదుం గాని, దాని ఆకుల అందాన్ని గమనించం. మే, జూన్ నెలలలో మొలక కన్నున్న పచ్చి కొమ్మును 12 అంగుళాల కుండీలో రెండంగుళాల లోతున నాటండి. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొంత ఇసుక కలిపితే నీరు నిలువదు. నీరు నిలిస్తే కొమ్ము కుళ్లుతుంది. రోజుకు రెండు మూడు గంటల లేత ఎండ తగిలినా భాద్రపదం నాటికి నడుము ఎత్తున వెడల్పైన ఆకులు పరచుకుంటాయి. జనవరి, ఫిబ్రవరి నాటికి ఆకులు పండి ఎండుతాయి. నీరు ఆపి, తవ్వి, ఇంటికి కావలసినది తీసుకుని, కొన్ని కొమ్ములను నీడలో దాచుకోండి. నీడలో దిగుబడి తగ్గుతుంది. కాని ఆకులు కనువిందు చేస్తాయి, వంటింటికీ కొంత దక్కుతుంది.

రంగుల ఆకులే కావాలనుకునేవారికి కెలాడియం తగినది. తెలుపు, గులాబి, ఎరుపు మచ్చల ఆకులతో వానకాలమంతా నీడను వెలిగిస్తుంది. చలికాలంలో వాడిపోగానే నీరు ఆపి, దుంపలను పొడి ఇసుకలో దాచి, ఎండలు ముదిరాక తిరిగి నాటాలి. మచ్చలు లేకున్నా కూరకు పనికివచ్చే చేమ మరొకటి. స్నానాల గది నీరు పారే తడి నీడ దానికి ఇష్టమే; అయితే తినే చేమకు సబ్బు నీరు పారనీయరాదు. కెలాడియం ఆకులను, పచ్చి చేమను నోట పెడితే నాలుక, గొంతు మండి వాస్తాయి. పాకే పసివారున్న ఇంట కెలాడియం కుండీలను అందని ఎత్తున ఉంచండి. కూర చేమను బాగా ఉడికించిన తరువాతే తినాలి.

మొక్క కొనడానికి ముందు ఒక పని చేయండి. ఒక ఆదివారం ఉదయం నుండి సాయంత్రం వరకు గంటకొకసారి ఆ మూలను చూసి, నేరుగా ఎండ ఎన్ని గంటలు పడుతున్నదో కాగితంపై రాసుకోండి. రెండు మూడు గంటలుంటే పసుపు, ఎండ లేకున్నా మంచి వెలుతురుంటే కెలాడియం, తడి ఎక్కువగా ఉంటే చేమ. కొమ్ములు, దుంపలు సమీపంలోని నర్సరీలో గాని, తెలిసిన రైతు దగ్గర గాని చేతితో పట్టి, గట్టిగా ఉన్నవాటినే ఏరి తెచ్చుకోండి.