చర్ల బస్సూ, జోర్డాన్ సిద్ధాంతమూ

గీత గీతని ఎక్కడ ఖండిస్తుందన్నది లెక్కల మాస్టారి గొడవ, కోడు రాసుకునే మనకెందుకు అనే మిత్రులు ఒకసారి భద్రాచలంలో చర్ల బస్సెక్కండి. ఎక్కేది తెలంగాణ, దిగేది తెలంగాణ. మధ్యలో ఏటపాక దగ్గర మాత్రం ఆంధ్రప్రదేశ్! దాన్ని తప్పించుకుని గట్టున పోదామంటే కుదరదు. భద్రాచలానికి మూడు వైపులా ఆంధ్రా, నాలుగో వైపు గోదావరి.

తనని తాను ఖండించుకోని మూసిన గీత ఏదైనా సరే, సమతలాన్ని లోపల, బయట అని రెండు ముక్కలు చేస్తుందని 1887లో జోర్డాన్ అనే ఫ్రెంచాయన చెప్పాడు. చిన్న పిల్లాడికీ తెలిసిన సంగతే అనిపిస్తుంది గానీ, ఆయన రుజువు సరిపోలేదంటూ 1905లో వెబ్లెన్ మళ్ళీ రాశాడు. దీన్నిబట్టి లోపల బయల్దేరి లోపలికే చేరేవాడు సరిహద్దుని సరిసంఖ్యలో దాటతాడు. సున్నా సరిసంఖ్యే, రెండూ సరిసంఖ్యే. చర్ల వాళ్ళకి దక్కింది సున్నా కాదు, అదీ బాధ :)

ఇదంతా నిజమయ్యేది తలంలో చిల్లులు లేనప్పుడే. భిన్నాలుగా రాయగలిగే బిందువులే ఉంచి మిగతావి తీసేస్తే, వర్గంలోంచి రెండు తీసేసిన వక్రం అక్షానికి కింద నుంచి పైకి వెళ్ళిపోతుంది, ఎక్కడా తాకదు. రెండు వర్గమూలం అక్కడ లేదు కదా! యూక్లిడ్ కూడా మొదటి ప్రతిపాదనలోనే రెండు వృత్తాలు కలుస్తాయని ఊరికే అనేసుకున్నాడు.

మన చట్టం రాసినవాళ్ళదీ చిల్లుల తలమే. 2014 మార్చి చట్టంలో పోలవరం ముంపు గ్రామాల జాబితా పెట్టారు. మే 29 ఆర్డినెన్సు, జులైలో పార్లమెంటు ఆమోదించిన సవరణ దాన్ని మండలాల లెక్కకి మార్చాయి. భద్రాచలం మండలం మొత్తం ఆంధ్రాకి, భద్రాచలం రెవెన్యూ గ్రామం తప్ప. అంటే సమితిలోంచి ఒక మూలకం తీసేశారు. పేర్ల పట్టికలో అది శుభ్రంగా పనిచేస్తుంది. కానీ మనుషులు పట్టిక మీద నడవరు, రోడ్డు మీద నడుస్తారు. తీసివేత తర్వాత మిగిలినవి ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయా అని ఎవరూ చూడలేదు. మన దగ్గర ఇలాంటి కోడుని టెస్టింగువాడు మొదటి రోజే తిప్పికొడతాడు.

"ఇద్దరూ తెలుగువాళ్ళే, వీసా అడుగుతారా ఏంటి?" అంటారు. వీసా సంగతి కాదండీ. ఆ ముక్కలో రోడ్డు గుంటపడితే ఏ రాష్ట్రం పూడుస్తుంది? అక్కడ యాక్సిడెంటయితే కేసు ఏ స్టేషన్లో? రాముడి గుడి పట్టణంలో ఉంది, ఆ గుడి భూములు ఎనిమిది వందల పైచిలుకు ఎకరాలు పురుషోత్తపట్నంలో ఉన్నాయి, ఇంకో రాష్ట్రంలో. పట్టణం చెత్త పారేసుకోవడానికి కూడా జాగా వెతుక్కోవాల్సి వచ్చింది.

ముంపు వాదన నాకూ తెలుసు. ప్రాజెక్టు కట్టేవాడి చేతిలోనే ముంపు ఊళ్ళుండాలనడంలో అర్థముంది. కానీ తెలంగాణ అడుగుతున్నది ఏడు మండలాలూ కాదు. ఏటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, ఈ అయిదు పంచాయతీలు. అదే సవరణలో బూర్గంపాడు మండలం దగ్గరకొచ్చేసరికి సారపాకతో సహా కొన్ని ఊళ్ళని పేరు పేరునా రాసి మినహాయించారు. అక్కడ రాయగలిగిన చెయ్యి ఇక్కడ ఇంకో అయిదు పేర్లు ఎందుకు రాయలేదో ఎవరైనా చెప్పండి.